టికెట్ చేతిలో ఉంది, బ్యాండే రాలేదు

ఈ వారం ఎపిసోడ్‌లో టైం సరిపోక కథ సగంలో ఆపేశాను. మిగతాది బ్లాగులో రాస్తానని మాటిచ్చాను కదా, ఇదే అది.

అసలు ఈ టాపిక్ ఎందుకొచ్చిందో ముందు చెప్తాను. మా రూంలో జగిత్యాల తమ్ముడొకడు ఉన్నాడు, సెక్యూరిటీ పని. పోయిన చలికాలం ఒక పెద్ద విదేశీ బ్యాండ్ ప్రోగ్రాంకి వాడికి డ్యూటీ పడింది. స్టేజీకి వీపు, జనానికి మొహం పెట్టి ఆరు గంటలు నిలబడాలి. పాటగాళ్లను చూడనే లేదు, జనాన్నే చూశాడు. తెల్లారుజామున రూంకొచ్చి బూట్లు విప్పుకుంటూ అడిగాడు: "అన్నా, గన్ని పైసలు వెట్టి కొనుక్కున్నోళ్లు గంత కోపంగున్నరేందే? కొందరైతే ఏడుస్తుండ్రు."

ఆ కోపం ఇవాళ్టిది కాదురా అన్నాను. స్టేడియంలో రాక్ కచేరీ అనేది పుట్టిన రోజు నుంచీ అది వెంటే ఉంది.

1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. అది బేస్‌బాల్ ఆడే గ్రౌండు. 55,600 మంది వచ్చారు, టికెట్ నాలుగున్నర డాలర్ల నుంచి మొదలు. పాడింది అరగంట. అంత జనానికి వినిపించే సౌండ్ సిస్టం అప్పటికి లేనేలేదు. బ్యాండ్ దగ్గరున్నవి 100 వాట్ల ఆంప్లిఫయర్లు. గొంతులేమో స్టేడియం మైకుల్లోంచి, అంటే ఆటలో స్కోరు చెప్పే మైకుల్లోంచి వచ్చాయి. జనం కేకల్లో తమ పాట తమకే వినపడలేదని వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ఏడాది తిరిగాక, 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్కులో 42,500 సీట్లుంటే అమ్ముడైనవి సుమారు 25,000. టికెట్లు అమ్మి బీటిల్స్ చేసిన ఆఖరి కచేరీ అదే.

సరే, వినపడకపోవడం ఒక బాధ. అసలు బ్యాండే రాకపోతే? నాకు ఈ చరిత్రలో బాగా పట్టుకున్న ముక్క జపాన్‌ది. వీసా మీద బతికేవాళ్లం కాబట్టేమో.

రోలింగ్ స్టోన్స్ 1962లో లండన్‌లో మొదలైన బ్యాండ్. 1973 జనవరి ఆఖర్న టోక్యో బుడోకాన్ హాల్లో వాళ్ల కచేరీలు పెట్టారు. జపాన్‌కి వాళ్లు రావడం అదే మొదటిసారి అయ్యుండేది. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. అప్పుడు జపాన్ ప్రభుత్వం గాయకుడు మిక్ జాగర్‌ని దేశంలోకి రానివ్వమంది. ఇంగ్లండులో ఆయన మీద ఉన్న పాత డ్రగ్స్ కేసు కారణం. కచేరీలు రద్దు. అదే ట్రిప్పులో బ్యాండ్ ఆస్ట్రేలియా వెళ్లి అక్కడ పాడి వచ్చింది. టోక్యోలో మాత్రం కుర్రాళ్ల చేతుల్లో టికెట్లు మిగిలాయి.

పాల్ మెకార్ట్‌నీది ఇంకో రకం. బీటిల్స్ విడిపోయాక ఆయన వింగ్స్ అనే బ్యాండ్ పెట్టాడు. 1980 జనవరిలో జపాన్‌లో 11 కచేరీలకు టికెట్లు అమ్మారు. ఈసారి వీసా దొరికింది. కానీ నరిటా ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిస్తే అందులో సుమారు 219 గ్రాముల గంజాయి. తొమ్మిది రోజులు లోపలేసి, తర్వాత దేశం దాటించారు. 11 కచేరీలూ పోయాయి. మనం ఇక్కడికొచ్చేటప్పుడు అమ్మ మసాలా డబ్బాలో గసగసాలు పెట్టిందేమో అని పెట్టె మూడుసార్లు వెతుక్కుంటాం. అంత పెద్దమనిషి అంత ధీమాగా ఎలా దిగాడో నాకిప్పటికీ అర్థం కాదు. అభిమానుల డబ్బు, సెలవులు, ఎదురుచూపు అన్నీ ఆ పెట్టెతో పాటే పోయాయి.

ఈ కథకు రెండో సగం ఉంది. 1988లో టోక్యో డోమ్ అనే కప్పున్న స్టేడియం తెరిచారు. 1990 ఫిబ్రవరిలో రోలింగ్ స్టోన్స్ మొత్తానికి అక్కడ దిగి ఒకే స్టేడియంలో పది కచేరీలు చేశారు. ఆ తర్వాత నెలలోనే, అదే డోమ్‌లో మెకార్ట్‌నీ కూడా పాడాడు. లెక్క వేయండి. 1973లో ఇరవై ఏళ్ల వయసులో టికెట్ కొన్నవాడికి 1990లో 37 ఏళ్లు. పెళ్లయి, పిల్లలు బడికి పోతూ ఉంటారు. స్టేజీ మీదున్నవాళ్లకు నలభై దాటింది. అప్పటి బుడోకాన్‌లో దగ్గర్నుంచి చూడాల్సినవాడు ఇప్పుడు అంత పెద్ద డోమ్‌లో ఏ వెనక వరసలోనో. సంతోషించాడో, పదిహేడేళ్లు లేటని మూలిగాడో మరి. రెండూ అయ్యుంటుంది.

కోపం జనానిదే అనుకోకండి. పింక్ ఫ్లాయిడ్ కూడా ఇంగ్లండ్ బ్యాండే. మొదట్లో హాళ్లలో, నిశ్శబ్దంగా వినే జనానికి పాడినవాళ్లు. 1977లో అమెరికా, కెనడా స్టేడియాలకు వెళ్లారు. ఆ టూర్ ఆఖరి రోజు జులై 6, మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. ముందు వరసల్లో కేకలు, టపాకాయలు. మెల్లగా సాగే పాటలు ఎవరూ విననివ్వట్లేదు. బాస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్‌కి ఒళ్లు మండి, స్టేజీ ముందున్న ఒక అభిమాని మీద ఉమ్మేశాడు. డబ్బులిచ్చి వచ్చినవాడి మీద! తర్వాత ఆయనకే సిగ్గేసింది. జనానికీ తనకీ మధ్య ఒక గోడ ఉందనిపించిందట. ఆ ఆలోచనలోంచే 1979 నవంబర్ 30న 'ది వాల్' ఆల్బం వచ్చింది. 1980, 81ల్లో దాన్ని స్టేజీ మీద ఆడినప్పుడు, పాటలు నడుస్తుండగానే పనివాళ్లు అట్ట ఇటుకలతో 40 అడుగుల గోడ కట్టేవాళ్లు. అభిమానులు గోడను చూడ్డానికి టికెట్ కొన్నారు. మా తమ్ముడికి ఇది చెప్తే పడీపడీ నవ్వాడు. గోడ కట్టినోళ్లకు ఓటీ ఇచ్చిండ్రా అని అడిగాడు.

ఆ తర్వాత మారింది వ్యాపారం. 1989లో టొరంటో ప్రమోటర్ మైకెల్ కోల్ రోలింగ్ స్టోన్స్ టూర్ మొత్తాన్ని గుత్తకు కొన్నాడు. ఊరికో ప్రమోటర్ పద్ధతి పోయి టికెట్, టీషర్ట్, స్పాన్సర్ అన్నీ ఒకే చేతికొచ్చాయి. టోక్యో డోమ్ కచేరీలు కూడా ఆ టూర్‌వే. 1994లో ఈగల్స్ పద్నాలుగేళ్ల తర్వాత కలిసి టికెట్‌ని వంద డాలర్లు దాటించారు. అదే ఏడాది పర్ల్ జామ్ అనే బ్యాండ్, టికెట్ 20 డాలర్ల లోపే ఉండాలి, సర్వీస్ చార్జీ తగ్గించండి అని టికెట్‌మాస్టర్ కంపెనీ మీద ఫిర్యాదు చేసింది. వాళ్ల మనుషులు అమెరికా పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని చెప్పారు. మరుసటి ఏడాది ప్రభుత్వం విచారణ మూసేసింది. బ్యాండే అడిగినా కానిది అభిమాని అడిగితే అవుతుందా?

2024లో అయింది, కొంచెం. ఒయాసిస్ 2009లో అన్నదమ్ముల గొడవతో విడిపోయిన బ్యాండ్. మళ్లీ కలుస్తున్నామని 2024 ఆగస్టు 31న బ్రిటన్, ఐర్లండ్ టికెట్లు అమ్మకానికి పెట్టారు. జనం ఆన్‌లైన్ క్యూలో గంటలు గంటలు కూర్చున్నారు. తీరా వాళ్ల వంతు వచ్చేసరికి, నిలబడి చూసే టికెట్ దాదాపు 150 పౌండ్లన్నది 355 పౌండ్లు. మన లెక్కలో సుమారు 1,700 దిర్హాములు. ఇక్కడ కొందరికి నెల జీతం. కొనాలా వద్దా అన్నది నిమిషాల్లో తేల్చుకోవాలి. ధరల సంగతి ప్రమోటర్లు, మేనేజ్‌మెంట్ చూసుకుంటారని బ్యాండ్ తప్పుకుంది. నాకైతే ఆ మాట నచ్చలేదు. పోస్టర్ మీద బొమ్మ ఎవరిదో మాట కూడా వాళ్లదే కావాలి.

గొడవ పెద్దదయ్యాక అమెరికా టికెట్లకు ఆ పద్ధతి వాడబోమన్నారు. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ విచారణకు దిగింది. ఏడాది తర్వాత తేలిందేంటంటే, ధరను నిమిషనిమిషానికీ కంప్యూటర్ పెంచలేదు. ఒకే రకం టికెట్‌కి ముందే రెండు రేట్లు పెట్టుకున్నారు. తక్కువది అయిపోతే ఎక్కువది వస్తుందని క్యూలో ఉన్నవాళ్లకు చెప్పలేదు, అంతే. ఇకమీద అలా రెండు రేట్లుంటే 24 గంటల ముందే చెప్తామని టికెట్‌మాస్టర్ ఒప్పుకుంది.

ఒయాసిస్ గొడవ ఇంకా చల్లారకముందే, సెప్టెంబర్ 22న, నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో జరిగే కోల్డ్‌ప్లే కచేరీలకు టికెట్లు వదిలారు. అసలు ధర 2,500 నుంచి 35,000 రూపాయలు. సైట్లోకి కోటి మందికి పైగా వచ్చారు. కాసేపటికే వేరే సైట్లలో అవే టికెట్లు లక్షల్లో. కొత్త సినిమా రిలీజ్ రోజు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో బ్లాక్ టికెట్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ కనీసం అమ్మేవాడి మొహం కనిపిస్తుంది, బేరం ఆడొచ్చు. ముంబై పోలీసుల దాకా ఫిర్యాదు వెళ్లింది. అదే టూర్ 2025 జనవరిలో ముందు అబుదాబి వచ్చింది. జాయెద్ స్పోర్ట్స్ సిటీలో నాలుగు రాత్రులు, ఆ తర్వాతే ముంబై, అహ్మదాబాద్.

ఇదంతా విని మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ రోజు డ్యూటీలో తను చూసిన ఒకాయన గురించి చెప్పాడు. యాభై ఏళ్లుంటాయట. బ్లాక్‌లో కొన్న టికెట్, గేటు దగ్గర మిషన్ తీసుకోలేదు. అరవలేదు, గొడవ పడలేదు. బయట ఫెన్సింగ్ పక్కన కూర్చుని పాటలన్నీ అయ్యేదాకా విని వెళ్లాడు.

"బయటికి మంచిగనే వినొచ్చిందన్నా" అన్నాడు వాడు. పొద్దున ఐదున్నరకి బస్సు, లైటాపేసి పడుకున్నాడు.