నార్ల వెంకటేశ్వరరావు

నార్ల వెంకటేశ్వరరావు (1908 డిసెంబర్ 1 – 1985 ఫిబ్రవరి 16) తెలుగు పత్రికా సంపాదకుడు, రాజకీయ వ్యాఖ్యాత, నాటకకర్త, హేతువాది. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి దినపత్రికల సంపాదకీయాల ద్వారా సుమారు మూడు దశాబ్దాలు తెలుగువారి రాజకీయ ఆలోచనను ప్రభావితం చేశారు. ఆంగ్ల పాఠకులకు ఆయన వి.ఆర్. నార్లగా పరిచితులు. సంపాదకీయంలో వ్యావహారిక భాషను నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు. కమ్యూనిస్టు పార్టీపైన, వర్ణ వ్యవస్థపైన, రామాయణ మహాభారతాలపైన, భగవద్గీతపైన ఆయన వెలిబుచ్చిన అభిప్రాయాలు తీవ్రమైన వాదోపవాదాలకు దారితీశాయి.

నేపథ్యం

నార్ల మధ్యపరగణాలలోని జబల్పూరులో పుట్టారు. పెరిగింది మాత్రం కృష్ణా జిల్లా కౌతవరంలో. గుడివాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రైలుమార్గం మీద, గుడ్లవల్లేరు దాటాక వచ్చే ఊరు కౌతవరం. ఆయన చదువు కూడా ఆ దారిలోనే సాగింది: కౌతవరం, గుడివాడ, ఆ తర్వాత బందరు (మచిలీపట్నం).

అప్పటి కృష్ణా డెల్టా దిగువ ప్రాంతం పత్రికలకూ సంస్కరణ భావాలకూ ఆటపట్టు. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుల చొరవతో 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. దివిసీమకు చెందిన ముట్నూరి కృష్ణారావు 1907లో దాని సంపాదకత్వం చేపట్టి 1945లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. సంపాదకీయం అంటే వార్తపై వ్యాఖ్య ఒక్కటే కాదనీ, సొంత ఆలోచనా సొంత శైలీ ఉన్న రచన అనీ తెలుగు పాఠకులకు చూపినవారు ముట్నూరి. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను బందరు నుంచే వెలువరించారు. ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది కూడా ఈ జిల్లాలోని ఎలకుర్రు గ్రామమే.

సంస్కరణ విషయానికి వస్తే, కౌతవరానికి దగ్గరలోని అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తర్కంతో ప్రశ్నిస్తూ సూతపురాణం, శంబుక వధ వంటి రచనలు చేశారు. పురోహితుడు లేని పెళ్లిళ్లను ప్రోత్సహించారు. నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పారు. నార్ల ఆలోచనలకు ఈ వాతావరణంతో దగ్గరి సంబంధం ఉంది. కందుకూరి వీరేశలింగం రచనలు, ఆ తర్వాత ఎం.ఎన్. రాయ్ మానవవాదం ఆయనపై గాఢమైన ముద్ర వేశాయి.

పత్రికా జీవితం

స్వరాజ్య, జనవాణి, ప్రజామిత్ర పత్రికలలో నార్ల వృత్తి మెలకువలు నేర్చారు. వీటిలో జనవాణి ప్రత్యేకమైనది. తాపీ ధర్మారావు ఆ పత్రికలో గ్రాంథికాన్ని పక్కనబెట్టి వాడుక భాషలో వార్తలూ వ్యాఖ్యలూ రాసి చూపారు. ప్రజామిత్రను నడిపిన గూడవల్లి రామబ్రహ్మం తర్వాతి కాలంలో మాలపిల్ల, రైతుబిడ్డ చిత్రాల దర్శకుడిగా పేరొందారు.

1938 ఆగస్టు 15న మద్రాసులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ ఆంధ్రప్రభను ప్రారంభించింది. తొలి సంపాదకుడు ఖాసా సుబ్బారావు, ఆయన తర్వాత న్యాపతి నారాయణమూర్తి. మొదటి నుంచీ ఆ పత్రికలో పనిచేసిన నార్ల 1942లో సంపాదకుడయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమం, రెండో ప్రపంచ యుద్ధం, స్వాతంత్ర్యం, హైదరాబాద్ సంస్థాన విలీనం, పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్ర అవతరణ, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు ఆయన సంపాదకత్వ కాలంలోనే జరిగాయి. మద్రాసు నగరం తెలుగువారిదా, తమిళులదా అన్న వివాదం రగులుతున్న రోజుల్లో తెలుగు దినపత్రిక ఆ నగరం నుంచే వెలువడేది. అందువల్ల ఆ సంపాదకీయాలకు రాజకీయంగా ఎంతో బరువు ఉండేది.

1959లో మద్రాసు ఎక్స్‌ప్రెస్ సంస్థలో కార్మిక వివాదం తలెత్తిన కాలంలో నార్ల ఆంధ్రప్రభ నుంచి బయటికి వచ్చారు. మరుసటి ఏడాది, 1960 జూలై 1న, విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడయ్యారు. ఆయన దగ్గర పనిచేసిన నండూరి రామమోహనరావు తర్వాతి కాలంలో ఆంధ్రజ్యోతి సంపాదకుడయ్యారు. 1970లలో నార్ల సంపాదక బాధ్యతల నుంచి తప్పుకుని, హైదరాబాదులో ఉంటూ నాటకాలు, ఆంగ్ల వ్యాసాలు రాయడంలో గడిపారు.

1958 నుంచి 1970 వరకు రెండు పర్యాయాలు ఆయన రాజ్యసభ సభ్యుడు. ప్రభుత్వాన్ని పరీక్షించే కలం, చట్టసభలో స్థానం ఒకే వ్యక్తి చేతిలో ఉన్న ఆ 12 సంవత్సరాల కాలం సంపాదకుడి స్వతంత్రతను అంచనా కట్టేటప్పుడు తప్పక లెక్కలోకి వస్తుంది.

భాష, శైలి

నార్ల వృత్తిలోకి వచ్చిన నాటికి తెలుగు దినపత్రికల్లో గ్రాంథికానిదే పైచేయి. సంపాదకీయం సంస్కృత సమాసాలతో నిండి ఉండేది. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. పల్లెల్లో గ్రంథాలయంలోనో అరుగు మీదో ఒకరు పత్రిక చదివితే పదిమంది వినేవారు. అలా విని అర్థం చేసుకోవాలంటే వాక్యం చెవికి ఇంపుగా ఉండాలి, పొట్టిగా ఉండాలి, తెలిసిన మాటల్లో ఉండాలి. నార్ల సంపాదకీయాలు ఈ అవసరాన్ని తీర్చాయి. అంతర్జాతీయ వ్యవహారమైనా, బడ్జెట్ లెక్కలైనా కృష్ణా జిల్లా రైతుకు తెలిసిన నుడికారంలోనే ఆయన చెప్పగలిగారు. సామెతలు, జాతీయాలు ఆ రచనలో అలంకారం కోసం వచ్చినవి కావు, వాదాన్ని బిగించడానికి పనికొచ్చిన సాధనాలు.

వేమన పద్యం ఆయనకు ఆదర్శం. వేమనపై సాహిత్య అకాడమీ కోసం ఆంగ్లంలో ఒక పుస్తకం రాశారు. వీరేశలింగం, గురజాడలపై కూడా అదే సంస్థకు ఆంగ్ల గ్రంథాలు సమకూర్చారు. నార్ల వారి మాట పేరుతో తానే ఆటవెలదులు రాసి, మకుటంలో తన ఇంటిపేరు నిలుపుకున్నారు. మూఢనమ్మకాలు, అధికార దాహం, కులగర్వం, సోమరితనం ఈ పద్యాల్లోని ప్రధాన విషయాలు.

రాజకీయ అభిప్రాయాలు

నార్ల అభిప్రాయాల్లో మొదట పెద్ద దుమారం రేపినది కమ్యూనిస్టు పార్టీపై ఆయన తీసుకున్న వైఖరి. యువకుడిగా ఆయన నేటి రష్యా వంటి పుస్తకం రాశారు, రష్యన్ కథలు అనువదించారు. సోవియట్ ప్రయోగంపై ఆసక్తి ఉన్నా పార్టీ క్రమశిక్షణకు వ్యక్తి స్వేచ్ఛ లోబడడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. కృష్ణా జిల్లా వారి కంచుకోటలలో ఒకటి. 1955 మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు ఉమ్మడిగా వారిని ఎదుర్కొన్నాయి. ఆ పోరులో ఆంధ్రప్రభ కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారంలో ముందు నిలిచింది. అవతలి పక్షాన విజయవాడ నుంచి వెలువడే విశాలాంధ్ర దినపత్రిక ఉంది. ఫలితాల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల సభలో దక్కినవి 15. ఓట్లకూ సీట్లకూ మధ్య ఇంత తేడాకు ప్రత్యర్థుల ఐక్యతే ప్రధాన కారణం. అయితే పత్రికల ప్రచారాన్ని వామపక్షాలు మరిచిపోలేదు. యాజమాన్యాల ప్రయోజనాలకు సంపాదకులు కలం అప్పగించారన్నది వారి ఆరోపణ. ప్రజాస్వామ్యాన్ని కాపాడడం పత్రిక బాధ్యత అన్నది నార్ల వంటివారి సమాధానం.

మతం, పురాణాలపై వాదనలు

మతంపై ఆయన రాసినవి ఇంతకంటే ఎక్కువకాలం చర్చలో నిలిచాయి. రాజకీయ నాయకుడి మాటను సాక్ష్యం అడిగినట్టే శాస్త్రాన్ని, పురాణాన్ని కూడా అడగాలన్నది ఆయన పద్ధతి. జాబాలి నాటకంలో, రాముణ్ణి అయోధ్యకు తిరిగి రమ్మని లౌకిక తర్కంతో వాదించిన జాబాలిని ముందుకు తెచ్చారు. నరకంలో హరిశ్చంద్రుడు, హిరణ్యకశిపు వధ నాటకాలకు, ద్రౌపది పాత్రపై రాసిన రచనకు ఆధారం కూడా పురాణేతిహాసాలే.

వీటిలో ఎక్కువ అలజడి రేపింది 1979లో వచ్చిన సీత జోస్యం. దాని బీజం వాల్మీకి అరణ్యకాండలోనే ఉంది. దండకలోని మునుల కోసం రాక్షసులను చంపుతానని రాముడు మాట ఇస్తాడు. మనతో వైరం లేనివారిని చంపడం ధర్మం కాదని సీత హెచ్చరిస్తుంది. ఇంద్రుడు దాచమని ఇచ్చిన కత్తిని వెంట మోసుకు తిరిగిన ఒక ముని చివరికి క్రూరుడిగా మారిన కథ చెబుతుంది. వాల్మీకి రాముడు తన ప్రతిజ్ఞను గుర్తుచేసి ఆ అభ్యంతరాన్ని దాటేస్తాడు. నార్ల ఆ అభ్యంతరం దగ్గరే ఆగి, దాన్ని నాటకానికి కేంద్రం చేశారు. అడవిలో బతికేవారికీ, అడవిని ఆక్రమించుకునేవారికీ మధ్య జరిగిన ఘర్షణగా రామకథను చదివారు. 1981లో ఈ నాటకం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారానికి ఎంపికైంది.

ఆంగ్లంలో రాసిన ద ట్రూత్ అబౌట్ ద గీత ఆయన మరణానంతరం 1988లో ప్రచురితమైంది. భగవద్గీత వర్ణ ధర్మాన్ని బలపరిచిందనీ, యుద్ధానికి నైతిక సమర్థన ఇచ్చిందనీ, ఒకే కాలంలో ఒకే చేతితో పుట్టిన గ్రంథం కాదనీ అందులోని వాదం. ఇదే గీతను గాంధీ అనాసక్తి యోగంగా, అహింసకు దారిగా వ్యాఖ్యానించారు. వర్ణాన్ని గుణకర్మల ఆధారంగా చెప్పారనీ, యుద్ధరంగాన్ని మనసులోని సంఘర్షణగా చూడాలనీ గీతను గౌరవించేవారు చెప్పే సమాధానం. ఆ వ్యాఖ్యానం బోధకులదేగాని, సమాజంలో గ్రంథం పనిచేసిన తీరు వేరన్నది నార్ల పట్టు.

విమర్శ, స్థానం

నార్లపై వచ్చిన విమర్శలో ఒక భాగం ఆయన పద్ధతికి సంబంధించినది. ఇతిహాసాలను సామాజిక పత్రాలుగా చదివేటప్పుడు వాటి కావ్య గుణాన్ని, భక్తుల అనుభవాన్ని పక్కనపెట్టారని సంప్రదాయవాదులు భావించారు. కృష్ణా జిల్లాలోనే నందమూరులో పుట్టి, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం రాసి 1970 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. రామకథను ధర్మానికి ఆలంబనంగా నిలిపిన విశ్వనాథ, దాన్ని ప్రశ్నకు నిలబెట్టిన నార్ల ఒకే నేల మీద, ఒకే తరంలో ఎదిగారు.

ఆయనతో ఏకీభవించనివారికి కూడా ఆయన పాండిత్యంపై సందేహం లేదు. సంపాదకీయం రాసే ముందు చదవడం ఆయనకు వృత్తి నియమం. జీవితకాలంలో ఆయన సేకరించిన గ్రంథాలు హైదరాబాదులోని డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి చేరాయి. మూడు దశాబ్దాలు, మాటామంతీ, పిచ్చాపాటీ వంటి సంపుటాలలో ఆయన వ్యాసాలు లభిస్తాయి. రాజకీయ వ్యాఖ్యాతగా ఆయన తీసుకున్న కొన్ని పక్షాలు కాలంతోపాటు వాటి సందర్భాన్ని కోల్పోయాయి. పాఠకుడికి అర్థమయ్యే మాటలో, ఆధారం చూపి, ఎంత పెద్ద పేరునైనా ప్రశ్నించవచ్చునని ఆయన నెలకొల్పిన సంప్రదాయం తెలుగు సంపాదకీయ రచనలో స్థిరపడింది. తెలుగు పత్రికా చరిత్రలో ఆయన స్థానానికి ఆధారం అదే.