షిమొడ రేవు



నేను ముప్పది సంవత్సరములకు పైగా బడిలో చరిత్రయు భూగోళమును చెప్పితిని. జపాను పాఠము వచ్చినప్పుడెల్ల "1854లో అమెరికా నౌకాధిపతి పెర్రీ జపాను తలుపులు తెరపించెను" అని ఒక్క వాక్యము చెప్పి, పిల్లలచే వల్లె వేయించి, పుట త్రిప్పెడివాడను. ఆ తలుపు ఏ యూరి ముంగిట నుండెనో, అది తెరచుకొన్ననాడు అచ్చట కాపురమున్నవారి గతి యేమయ్యెనో నేను చెప్పలేదు. ఏ విద్యార్థియు నన్నడుగనులేదు. ఉద్యోగము విరమించిన పిదప తీరికగా చదువుకొనుచుండగా ఆ యూరి కథ నాకు తెలిసినది. దాని పేరు షిమొడ. నాడు విడిచిన పాఠమును నేడు మీకు విన్నవించి నా బాకీ తీర్చుకొందును.

ముందుగా ఆ యూరి యునికిని మనసున నిలుపుకొందము. జపాను రాజధానియగు టోక్యోకు నైరుతి దిక్కున ఇజు అను ద్వీపకల్పము దక్షిణముగా సముద్రములోనికి చొచ్చుకొని పోయినది. దాని కొనకు సమీపమున, తూర్పు తీరమున, టోక్యోకు సుమారు 80 మైళ్ళ దూరమున షిమొడ యున్నది. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు సముద్రము. కొండల నడుమనుండి ఇనొజవ అను చిన్న యేరు వచ్చి రేవులో కలియును. ఇజు భూమి యొకప్పుడు దక్షిణ సముద్రగర్భమున నిప్పుకొండల సమూహమై యుండి, భూఫలకముతోపాటు మెల్లమెల్లగా ఉత్తరమునకు జరిగి వచ్చి, జపాను ప్రధాన ద్వీపమును ఢీకొని దానికి అతుకుకొన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అచ్చటి యెత్తైన కొండలకును, వేడినీటి ఊటలకును, పలుమారు వచ్చు భూకంపములకును మూలమదియే. సాగునకు తగిన సమభూమి స్వల్పము. కావున ఆ యూరివారు సముద్రమునే నమ్ముకొని బ్రదికిరి. నేటికిని బంగారుకంటి చేపయని పేరొందిన యొక యెఱ్ఱని చేప ఆ రేవున విస్తారముగా దిగుచున్నది.

తెరచాప ఓడల కాలమున ఆ రేవునకు గొప్ప యక్కర యుండెను. ఒసాకా నుండి బియ్యము, మద్యము, ఇతర సరకులు నింపుకొని ఎడో నగరమునకు పోవు నావలు ఇజు కొనను చుట్టి పోవలెను. నేటి టోక్యోకు నాటి పేరే ఎడో. గాలి యెదురైనచో నావలు షిమొడలో లంగరు దించి అనుకూల వాయువుకొరకు దినముల తరబడి వేచియుండెడివి. 1616లో ప్రభుత్వమువా రచ్చట నొక యధికారిని నియమించిరి. ఎడోకు పోవు నావలను ఆపి పరీక్షించు చావడియు ఏర్పడినది. ఆ శతాబ్దిలోనే అలలను నిలువరించుటకు రాతికట్టయు కట్టిరి. 1720 ప్రాంతమున ఆ చావడి ఎడోకు మరింత దగ్గరనున్న ఉరగ రేవునకు మారిపోయినది. ప్రభుత్వపు చూపు తొలగుటతో పూర్వపు సందడి తగ్గినను, గాలికొరకు ఆగు నావలు వచ్చుచునే యుండెను.

అప్పటికి జపాను ప్రభువులు విదేశీయుల రాకపోకలను కట్టుదిట్టముగా నియమించియుండిరి. పాశ్చాత్యులలో డచ్చి వర్తకులు మాత్రమే, అదియు నాగసాకి రేవులో మాత్రమే, వ్యాపారము చేయవచ్చును. 1853లో పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఉరగ యెదుట నిలిచెను. పొగ వెడలగ్రక్కుచు వచ్చిన ఆ నల్లని నౌకలకు జనులు "నల్ల ఓడలు" అని పేరిడిరి. మరుసటి యేడతడు మరింత బలముతో తిరిగిరాగా, 1854 మార్చి 31న సంధి కుదిరినది. దానిచే రెండు రేవులు అమెరికా ఓడలకు తెరువబడినవి: ఉత్తరమున హకొదతె, దక్షిణమున షిమొడ. ఆ యేప్రిలులోనే పెర్రీ నౌకలు షిమొడ రేవున ప్రవేశించినవి. జూను నెలలో ర్యోసెన్‌జి అను బౌద్ధాలయమున కూర్చుండి ఉభయపక్షములవారు సంధికి అనుబంధ నియమములు వ్రాసికొనిరి.

ఆ దినములలోనే జరిగిన యొక సంగతి ఉపాధ్యాయుడనైన నన్ను మిక్కిలి కదలించినది. యొషిద షోయిన్ అను యువ పండితుడు, కనెకొ యను సహచరుడు, ఒక రాత్రి చిన్న పడవ నెక్కి, అలలతో పెనుగులాడి, పెర్రీ నౌకను చేరిరి. తమ్ము సముద్రమునకు ఆవలకు కొనిపొండనియు, ఆ దేశముల విద్యలు నేర్చుకొందుమనియు వేడుకొనిరి. స్వదేశము విడిచిపోవుట నాడు మరణదండనకు తగిన నేరము. క్రొత్తగా చేసికొన్న సంధికి భంగము కలుగునని తలచి అమెరికావారు వారిని ఒడ్డునకు తిప్పి పంపిరి. వా రిరువురును అధికారులకు తామే లొంగిపోయిరి. కనెకొ కొలదికాలమునకే చెరలో మరణించెను. షోయిన్ తరువాత స్వగ్రామమున చిన్న పాఠశాల నడపి, 1859లో వేరొక యభియోగముపై శిరచ్ఛేదము పొందెను. అప్పటి కతనికి ముప్పది యేండ్లు నిండలేదు. ఆ చిన్న పాఠశాలలో చదివినవారిలో నొకడైన ఇతో హిరొబుమి యే తరువాత జపానుకు మొదటి ప్రధానమంత్రి యయ్యెను.

ఇక నా కథలో ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాను. 1854 డిసెంబరు ఆరంభమున రష్యా దూత పుత్యాతిన్ "డయానా" యను యుద్ధనౌకతో సంధికై షిమొడకు వచ్చెను. అందు సుమారు అయిదువందలమంది యుండిరి. 22వ తేదీన సంభాషణలు ఆరంభమైనవి. మరునాటి యుదయమున భూమి కంపించినది. పిమ్మట సముద్రము లేచి యూరిమీద పడినది. ఇట్టి యుప్పెనను జపానువారు "సునామి" యందురు. ఆ మాటకు రేవు అల యని యర్థము. నడి సముద్రమున నున్నవారికి అంతగా తెలియకపోయి, రేవులో ప్రవేశించి విజృంభించునది గనుక దానికా పేరు వచ్చినదని చెప్పుదురు. షిమొడలో కొలది యిండ్లు తప్ప తక్కినవన్నియు కొట్టుకొనిపోయినవి. సుమారు నూరుగురు మరణించిరి. కొండల యాశ్రయముండుటచే మిగిలినవారు ప్రాణములు దక్కించుకొనిరి. రేవులోని డయానా నౌక సుడిలో చిక్కి, అర గంటలో నలుబది సార్లకు పైగా గిరగిర తిరిగినది.

అట్టి దశలోను రష్యా నావికులు నీట కొట్టుకొని పోవుచున్న జపానువారిని పైకి లాగి రక్షించిరి. గాయపడినవారికి తమ వైద్యుని చికిత్స లభించునట్లు చేసిరి. సంధి విషయమున వారితో గట్టిగా వాదించుచున్న జపాను ప్రతినిధి కవజి యే తన దినచర్యలో ఆ ప్రవర్తనను మెచ్చుకొని వ్రాసికొనెను. ఋణము తీర్చుకొను వంతు త్వరలోనే జపానువారికి వచ్చినది. అడుగు చెడిన డయానాను బాగుచేయుటకు పడమటి తీరమున హెద యను గ్రామమునకు తరలించుచుండగా, 1855 జనవరిలో అది గాలివానకు చిక్కి మునిగిపోయినది. తీరగ్రామములవారు చలిలో త్రాళ్ళు పట్టి, నావికులను ఒడ్డు చేర్చిరి. ఆ పల్లెలును భూకంపముచే దెబ్బతిన్నవే.

పిమ్మట హెద గ్రామపు వడ్రంగులు రష్యావారి చిత్తరువులను చూచి, సుమారు నూరు దినములలో పాశ్చాత్య రీతి తెరచాప ఓడ నొకదానిని నిర్మించి యిచ్చిరి. అట్టి ఓడను వారంతకుముందు కట్టియుండలేదు. పుత్యాతిన్ తన యనుచరులలో కొందరితో దానిపై స్వదేశమునకు పోయెను. కృతజ్ఞతతో దానికి "హెద" యని గ్రామము పేరే పెట్టెను. 1856లో రష్యావా రా యోడను జపానుకు తిరిగి యప్పగించిరి. వడ్రంగులు నేర్చిన విద్య అచ్చటనే నిలిచి, అదే మాదిరిని మరికొన్ని యోడలు పుట్టినవి. రష్యా సంధి మాత్రము 1855 ఫిబ్రవరి 7న, శిథిలమైన షిమొడలోనే, చోరకుజి దేవాలయమున ముగిసినది.

1856 ఆగస్టులో అమెరికా ప్రతినిధి టౌన్సెండ్ హారిస్ వచ్చి, గ్యొకుసెన్‌జి దేవాలయమున బస చేసి, సెప్టెంబరులో తన దేశపు జెండా నెత్తెను. అతడు త్రాగుటకు ఆవుపాలు కావలెననగా అధికారులు చిక్కునబడిరి. ఆ ప్రాంతపు జనులు ఆవులను దుక్కికిని బరువులకును పెంచుచుండిరే గాని, పాలు త్రాగు నలవాటు వారికి లేదు. హారిస్ ఎంతో ఓపికతో సంప్రదించి 1858లో వర్తకపు సంధిని సాధించెను. ఆ సంధిలోనే షిమొడ గతియు వ్రాయబడినది: ఎడోకు సమీపమున క్రొత్త రేవు తెరచిన ఆరు నెలలకు షిమొడను మూసివేయవలెనని. ఆ క్రొత్త రేవు యొకొహామ, అది మహానగరమయ్యెను. షిమొడ తిరిగి జాలరి యూరయ్యెను.

హారిస్ బసకు పరిచారికగా అధికారులు పంపిన కిచి యను పదునేడేండ్ల బాలిక కథ తరువాతి కాలమున నవలలుగా, నాటకములుగా విస్తరించినది. వానిలో కల్పన మెండు. ఆమె కొలది దినములకే తిరిగి పంపబడినదని నాటి పత్రములవలన తెలియును. కాని విదేశీయుని యింట నుండినదను నింద ఆమెను విడువలేదని చెప్పుదురు. తుదకు పేదరికమున క్రుంగి 1890లో ఆమె యేటిలో పడి మరణించెను. సంధిపత్రములపై సంతకములు చేసినవారి చిత్రములు పుస్తకములలో నున్నవి. ఈమె కథ నేను చెప్పిన యే పాఠములోను లేదు.

నేటి షిమొడలో సుమారు 20,000 మంది జనులున్నారు. 1961లో రైలు వచ్చినది. 1971లో పురపాలక నగరమైనది. 1934 నుండి ప్రతి మే నెలలో "నల్ల ఓడల పండుగ" జరుపుచున్నారు. అమెరికా పట్టణము న్యూపోర్టుతో సోదర సంబంధమును కలుపుకొన్నారు. ఫిరంగులతో వచ్చినవానిని పండుగచే స్మరించుట మనకు వింతగా తోచవచ్చును. కాని ఆ ఫిరంగులచే గాక, సముద్రముచేతనే ఆ యూరు కూలినది.

ఆ భయ మింకను తొలగలేదు. దక్షిణ సముద్రపు అగడ్తయందు మిక్కిలి తీవ్రమైన భూకంపము వచ్చినచో షిమొడ తీరమున అల 33 మీటర్ల యెత్తు వరకు లేవవచ్చునని 2012లో ప్రభుత్వ నిపుణులు లెక్కగట్టిరి. అది తాటిచెట్టును మించిన యెత్తు. కావున నేల కంపించిన తక్షణమే, వెనుకకు చూడక, కొండకు ఎక్కవలెనని ఆ తీరములవారు పిల్లలకు నేర్పుచున్నారు.

నేను మరల బడిలో నిలిచినచో ఆ పాత వాక్యమును తీసివేయను, అది నిజమే. కాని దాని వెంటనే, తన యిల్లు కొట్టుకొనిపోయిన నాడును పరదేశికి త్రాడు విసరిన పల్లెవారిని గూర్చి మరియొక వాక్యము చేర్చి, దానిని గూడ పిల్లలచే వల్లె వేయింతును.