టాటానగరమున క్రిస్మసు వనభోజనములు

కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను బంధుమిత్రులతో గూడి భుజించుట తెలుగువారికి తరతరములుగా వచ్చుచున్న ఆచారము. బ్రతుకుతెరువునకై సింగ్‌భూము సీమకు వచ్చి స్థిరపడిన మనవారు ఆ ఆచారమును విడువలేదు గాని, దానికి నెల మార్చుకొనిరి. టాటానగరమున తెలుగు కుటుంబములనేకము డిసెంబరు 25వ తేదీన వనభోజనమునకు బయలుదేరును. ఆ దినమును ఇచ్చటి హిందీవారు ‘బడా దిన్’ అందురు. మన యిండ్లలో ‘క్రిస్మసు పిక్నిక్కు’ అను పేరే నిలిచిపోయినది. క్రైస్తవులు కానివారు సైతము పిల్లలను వెంటబెట్టుకొని, ఇరుగుపొరుగు స్నేహితులతో గూడి, ఆ దినముననే ఏటి యొడ్డునకు తరలుటకు కారణమేమి? దానికి సమాధానము ఈ పట్టణపు చరిత్రలోనే దొరకును.

జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడగు దొరాబ్జీకి ఒక లేఖ వ్రాసెను. రాబోవు కర్మాగార నగరమున విశాలమైన వీథులు, నీడనిచ్చు చెట్లు, పచ్చికబయళ్లు, ఆటస్థలములు ఉండవలెననియు, హిందువుల ఆలయములకును, ముసల్మానుల మసీదులకును, క్రైస్తవుల చర్చిలకును స్థలము విడువవలెననియు అందు సూచించెను. అప్పటికి కర్మాగారము ఎచ్చట కట్టవలెనో కూడ తేలలేదు. రెండేండ్లకు ఆయన కాలధర్మము నొందెను. సాక్చీ గ్రామమున 1908లో పని మొదలై, 1911 డిసెంబరులో తొలి యినుమును, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కును వెలువడినవి. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరనియు, కాళీమాటి స్టేషనునకు టాటానగరమనియు నామకరణము చేసెను. రైలు దిగి వచ్చిన వారమగుటచే మనకు స్టేషను పేరే ఊరి పేరైనది.

తొలినాళ్లలో ఇచ్చట రెండు విధముల క్రిస్మసు ఉండెడిది. ఒకటి బంగళాల క్రిస్మసు. కర్మాగారపు జనరల్ మేనేజర్లయిన టట్‌వైలరు, కీనను అమెరికా దేశీయులు. ఇంగ్లీషువారు, జర్మనులు కూడ కొలుముల యొద్ద పనిచేసిరి. వారి పండుగ నార్దరన్ టౌను వీథులు దాటి యెక్కువగా వచ్చియుండదు. రెండవది ఆదివాసుల క్రిస్మసు. గోస్నరు మిషనుకు చెందిన జర్మను మతబోధకులు 1845లోనే రాంచీ చేరిరి. 1850లో తొలి బాప్తిస్మములు జరిగినవి. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అను బెల్జియను పాదిరి ఛోటానాగపురమునకు వచ్చెను. ఈ రెండు మార్గముల క్రీస్తు మతము స్వీకరించిన ముండా, ఉరావు కుటుంబములకు బడా దిన్ సొంత పండుగ. పంట ఇల్లు చేరిన కాలము, వాన లేని ఆకాశము, వణకించు చలి, వెచ్చని మధ్యాహ్నపుటెండ: వారి పండుగ ఆరుబయటికి రాక యెట్లుండును? మనము చూచి నేర్చినది ఈ రెండవ క్రిస్మసునే యని నా నమ్మకము.

అయితే పండుగ యున్నంత మాత్రమున చాలదు, తీరిక యుండవలెను. ఇనుము కరగించు కొలిమి ఒకమారు రగిలినచో పండుగకని ఆరదు. దాని యొద్ద మూడు షిఫ్టులలో మనుష్యులుండి తీరవలెను. దేశమున చట్టము విధింపక పూర్వమే, 1912లో, ఇచ్చట ఎనిమిది గంటల పనిదినము అమలునకు వచ్చెను. జీతముతో కూడిన సెలవు 1920లో లభించెను. అట్టి సెలవు ఫ్యాక్టరీల చట్టములోనికి వచ్చుటకు 1945 వరకు ఆగవలసివచ్చెను. ఇవి యజమానుల దూరదృష్టి ఫలమందురు కొందరు. కాని 1920 నాడే ఇచ్చట పెద్ద సమ్మె జరిగినది, కార్మికుల సంఘము పుట్టినది. తరువాత ఆ సంఘమునకు సి. ఎఫ్. ఆండ్రూసు, పిదప సుభాస్ చంద్ర బోసు అధ్యక్షులైరి. ఒక దినము కుటుంబముతో ఏటి యొడ్డున గడుపు భాగ్యము వెనుక ఈ కథ యంతయు కలదు.

మనవారిలో పెక్కుమంది గంజాము, విశాఖ మండలముల నుండి బెంగాలు నాగపూరు రైల్వే మీదుగా ఖరగపురము దాటి వచ్చినవారు. బిష్టూపురమున ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమును, కదమాలో ఆంధ్ర అసోసియేషనును నిలుపుకొనిరి. కాని కార్తికమును నిలుపుకొనుట సులభము కాలేదు. దసరా దీపావళులకు స్వగ్రామము పోయి వచ్చుసరికి సెలవులన్నియు ఖర్చగును. డిసెంబరు 25న కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు సెలవు. రైల్వే కచేరీలు, తంతి తపాలా వారు, 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధన సంస్థ, అందరికిని అదే దినము. 1945లో వెలసిన సేక్రెడ్ హార్టు కాన్వెంటు, 1947లో జెసూట్లు స్థాపించిన లొయోలా బడి క్రైస్తవ సంస్థలగుటచే పిల్లలకును అప్పుడే సెలవులు. తండ్రి కచేరీయు, బిడ్డ బడియు ఒకేమారు మూతబడు దినమునకు వనభోజనము తనంతట తానే జరిగి వచ్చినది.

అప్పటికి ధనుర్మాసము. తెల్లవారగనే రామమందిరమున పొంగలి ప్రసాదము, పిమ్మట ప్రయాణము. శ్రీకాకుళము, బొబ్బిలి ప్రాంతపు బాప్టిస్టు క్రైస్తవ మిత్రులు ఉదయపు ఆరాధన ముగించుకొని, కేకు డబ్బాతో వచ్చి కలియుదురు. సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు దోముహాని, దళ్మా కొండల పాదమున 1940ల నాటి డిమ్నా జలాశయము, కర్మాగార స్వర్ణోత్సవ సందర్భమున 1958 మార్చి 1న నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు: వీనిలో ఏదో యొకటి. మైసూరు బృందావనము పోలికతో వేసిన ఆ పార్కును చూచినపుడు 1902 నాటి లేఖ గుర్తుకు రాక మానదు. పులిహోర యింటి నుండి వచ్చును. వంకాయకూర, పప్పు అచ్చటనే రాతిపొయ్యిలపై ఉడుకును. సంవత్సరమంతయు హిందీ, బెంగాలీ, ఇంగ్లీషుల నడుమ తిరుగు పిల్లలు ఆ పూట దాగుడుమూతలు తెలుగుననే ఆడుదురు. దెబ్బ తగిలిన బిడ్డ ‘అమ్మా’ అని యేడ్చుట విని, బిడ్డ మోకాలు చూడక మురిసిన తల్లులు కూడ కలరు! దళ్మా అడవిలో ఉసిరి దొరకును. ఒక కొమ్మ తెచ్చి విస్తళ్ల నడుమ పెట్టు ముసలమ్మ ఏ గుంపులోనైన నుండును.

ఈ వినోద స్థలములందు మనము అతిథులము. డిమ్నా నీటి క్రింద ఆదివాసుల పొలములున్నవి. వాని పరిహారమునకై వారి వంశీయులు తరువాతి కాలమున కూడ ఆందోళనలు చేసిరి. 1948 జనవరి 1న, తమ సంస్థానమును ఒరిస్సాలో కలుపుటకు నిరసనగా ఖర్సావాఁలో గుమిగూడిన ఆదివాసులపై కాల్పులు జరిగినవి. ఆ సంవత్సరము మే నెలలోనే సరాయికేలా, ఖర్సావాఁలు బీహారునకు మార్చబడినవి. అందుచే పిక్నిక్కుల కాలపు నడిమధ్యనున్న ఆంగ్ల సంవత్సరాదినాడు ఇరుగుపొరుగు పల్లెలవారు మృతులకు నివాళి అర్పింతురు. స్వరాష్ట్రము కొరకు ప్రాణములిచ్చిన వారిని తలచుకొను తెలుగువారికి ఈ బాధ వివరింప నక్కరలేదు. జనవరి మొదటి తేదీని విడిచి క్రిస్మసునే ఎంచుకొను కుటుంబములు చేయుచున్నది మంచిపని.

ఇక భోజనవేళ. బి షిఫ్టువారు రెండు గంటలకు గేటు వద్ద నుండవలెను. కావున పదునొకండున్నరకే తొలి బంతి లేచును. ఎ షిఫ్టు దిగి వచ్చువారు మూడు గంటలకు గాని చేరరు. వారికై నాలుగు విస్తళ్లు, మూతవేసిన పప్పుగిన్నె, ఒక కేకుముక్క ప్రక్కన పెట్టి, కాకులు రాకుండ ఒక పిల్లవానిని కాపలా యుంచెదరు.