సోవియట్ చరిత్ర పాఠ్యపుస్తకాలు - నాయకత్వ చిత్రణ

1934 మే నెలలో సోవియట్ ప్రభుత్వం, కమ్యూనిస్టు పార్టీ కలిసి వెలువరించిన ఉత్తర్వు పాఠశాలల్లో చరిత్రబోధనను పునర్వ్యవస్థీకరించింది. 1937లో షెస్తకోవ్ సంపాదకత్వాన వచ్చిన పాఠ్యపుస్తకం స్టాలిన్‌ను లెనిన్‌కు నిజమైన వారసునిగా చిత్రించింది. అయితే అందులో కీర్తింపబడిన సేనానులు కొందరు త్వరలోనే ‘ప్రజాశత్రువులు’గా ముద్రపడ్డారు. విద్యార్థుల చేతనే వారి చిత్రపటాలపై సిరా పూయించారు.

1956లో ఖ్రుష్చేవ్ స్టాలిన్ వ్యక్తిపూజను ఖండించిన తరువాత పాఠాలు మళ్ళీ మారాయి. గోర్బచేవ్ కాలంలో, 1988లో, పాఠశాలల చరిత్ర పరీక్షలనే రద్దుచేశారు. పాత పుస్తకం విశ్వసనీయత కోల్పోయింది. కొత్తది ఇంకా సిద్ధం కాలేదు. ఏది సరైన సమాధానమో నిర్ణయించే ప్రమాణమే లేకపోయింది.

ఆధారాల పరిశీలనకు బదులు నాయకుని ప్రతిష్ఠే ప్రమాణమైనప్పుడు, ఆ ప్రతిష్ఠతోపాటు పాఠమూ కూలుతుందని ఈ పరిణామక్రమం నిరూపిస్తున్నది.