సౌర విద్యుత్ ఫలకాలకు ఎర్తింగ్ ఆవశ్యకత

మెయిన్ స్విచ్ ఆపివేసినంత మాత్రాన ఇంటి పైకప్పుపై గల సౌర ఫలకాలలో విద్యుత్తు ఆగిపోదు. ఎండ ఉన్నంతసేపు వాటి తీగలలో డి.సి. వోల్టేజి ఉండనే ఉంటుంది. తీగ తొడుగు చెడి అల్యూమినియం చట్రానికి తగిలినప్పుడు, ఎర్తింగ్ లేనిచో, ఫలకాలు తుడవబోయిన వారికి ప్రాణాపాయం.

2024లో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకం సాంకేతిక నిర్దేశాల ప్రకారం ఎర్తింగ్ భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043కు అనుగుణంగా ఉండవలెను. పిడుగు నిరోధకానికి వేరుగా ఎర్త్ గొయ్యి తీయవలెను. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌లకు మించరాదు. అయితే నేలలో తేమ తగ్గినకొలదీ ఈ నిరోధం పెరుగుతుంది. కావున వర్షాకాలంలో తీసిన కొలతను, అది ధృవీకరణ పత్రంలో ఎంత చక్కగా కనిపించినప్పటికీ, వేసవిలో మరల సరిచూడవలసి ఉన్నది.