అమ్మ తిరిగిన దారులు

యాత్రాచరిత్ర అనగానే మనకు ఏనుగుల వీరాస్వామయ్యగారు స్ఫురిస్తారు. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరి మరుసటి ఏడు తిరిగివచ్చిన ఆయన కాశీయాత్ర 1838లో అచ్చయింది. స్త్రీలలో పోతం జానకమ్మగారు ఇంగ్లండు చూసివచ్చి రాసిన పుస్తకం 1876లో వెలువడింది. ఈ వరుసలో ఎవరూ చేర్చని యాత్రికురాలు మా అమ్మ. 2017లో, డెబ్బైతొమ్మిదో ఏట కాలంచేసిన ఆమె మా వంశంలో అందరికన్నా ఎక్కువ దూరం తిరిగిన మనిషి. అయితే ఏ ఒక్క ప్రయాణమూ వింతలు చూడడానికి చేసినది కాదు. ప్రతిదాని వెనుకా ఒక కాలువో, ఒక పంటో ఉన్నది.

పుట్టినూరు అద్దంకి సీమ. అప్పటికది గుంటూరు జిల్లాయే. ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా ఏర్పడింది 1970లో కదా! 1954లో నరసరావుపేట ప్రాంతానికి ఎడ్లబండి మీద కాపురానికి వచ్చింది. మిరప, పత్తి, జొన్న, అన్నీ వాననే నమ్ముకొన్న నల్లరేగడి చేలు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తికావడంతో మన రైతుల చూపు రాయచూరు వైపు మళ్ళింది. అంతకుముందే నిజాంసాగర్ కిందికి తరలివెళ్ళిన వారి ఉదాహరణ కళ్ళెదుట ఉండనే ఉన్నది. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ నాలుగు వస్తాయని మా నాన్నగారి లెక్క.

1958లో మీటరుగేజీ బండిలో నల్లమల దాటి, హోసపేటలో దిగి, సింధనూరు దగ్గరి క్యాంపు చేరారు. సింధనూరు, గంగావతి ప్రాంతాలలో నేటికీ ఊళ్ళ పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట వినిపిస్తుంది. వాటిలో చాలావరకు ఇలా వెలసినవే. ముళ్ళతుమ్మ నరికి, మళ్ళు చదునుచేసి, పూరిపాకలో కాపురం. మలేరియా జ్వరాలు. నేను పుట్టింది ఆ పాకలోనే. సంతలో బేరమాడేపాటి కన్నడం నాన్నగారికన్నా ముందు అమ్మకే పట్టుబడింది. ఊరినుంచి మూటగట్టి తెచ్చిన మిరపవిత్తనం పెరట్లో చల్లి, మొదటి కాపు ఇరుగుపొరుగులకు పంచిందట.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో మరుసటి ఏడు తిరిగివచ్చాం. పదేళ్ళు ఆమె చెమటోడ్చిన ఆ భూమి దస్తావేజుల్లో ఆమె పేరు ఒక్కచోటైనా లేదు. 1981 నుంచి మన జనగణనలో వలసకు కారణం కూడా అడుగుతున్నారు. స్త్రీల వలసలలో అధికభాగం ‘వివాహం’ అన్న గడిలోకి చేరుతుంది. అమ్మ అద్దంకి నుంచి వచ్చినంతవరకు అది నిజమే. మరి సింధనూరు ఏ గడిలోకి వస్తుంది?

1987లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. ప్రకాశం, గుంటూరు జిల్లాలలో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. మా ఇంట ఆ కష్టం ప్రాణం మీదికి రాలేదు గాని, మా తమ్ముణ్ణి మాత్రం మన్నుకు దూరంగా చదివించాలని అమ్మ పట్టుబట్టింది. వాడు 1998లో అమెరికా చేరాడు. 2000లో మరదలి పురుటికి అమ్మ బయలుదేరింది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేని రోజులవి; వీసాకు చెన్నపట్నం వెళ్ళవలసివచ్చింది.

డల్లాసులో ఆరునెలలు. ఒకసారి తమ్ముడు లబ్బక్ వైపు తీసుకువెళ్ళాడు. కనుచూపుమేరా పత్తి, యంత్రం ఒక్కటే తీస్తున్నది. ఆమె చాలాసేపు చూసి, “ఇంత చేలో ఒక్క ఆడమనిషి లేదేమిరా?” అన్నదట. ఏ యాత్రాగ్రంథంలోనూ నాకు కనబడని ప్రశ్న అది.

ఆ పాస్‌పోర్టు నా దగ్గరున్నది. ఆమె ప్రయాణాలకు మిగిలిన ఒకేఒక్క లిఖితసాక్ష్యం అదే. తక్కినది నోటిమాట. మనుమరాలిని నిద్రపుచ్చడానికి ఆ పాత రైలుదారి స్టేషన్లనే జోలగా చెప్పేదట: నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు, నంద్యాల... తరువాతి ఏళ్ళలో టెలిఫోనులోనూ అదే పాఠం. ఆ పిల్లకు ఇప్పుడు పాతికేళ్ళు. తెలుగు అంతంతమాత్రం. మొన్న నాతో మాట్లాడుతూ నంద్యాల దాకా తప్పులేకుండా చెప్పి, ఆ తరువాత ఏమిటని అడిగింది. బేతంచర్ల, డోన్, గుంతకల్లు, బళ్ళారి, హోసపేట అని చెప్పి, రాసుకోమన్నాను.