నాటే ముందు చేసే వైద్యం: నేల తెగుళ్లతో నూట పాతికేళ్ల పోరు

ముసునూరు, నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి మెట్టల్లో మామిడి నాటే రైతు తన కాలంతో పాటు పిల్లల కాలాన్నీ కలిపి లెక్క వేసుకుంటాడు. రసాలకు, బంగినపల్లికి పేరుపడ్డ ఈ ఎర్రనేలల్లో ఇప్పుడు మామిడి పక్కనే ఆయిల్‌పామ్, జామ, కూరగాయలు, మొక్కజొన్న కూడా కనిపిస్తాయి. పంట మారినా నేల మారదు. ఆ నేలలో వేరును పట్టుకుని బతికే నులిపురుగులు, శిలీంధ్రాలు కంటికి కనపడవు. ఆకు మీద పురుగు పడితే ఆ వారంలోనే తెలుస్తుంది. వేరుకు బుడిపెలు కడితే మాత్రం, మొక్క పగటి ఎండకు వాడి సాయంత్రానికి తేరుకునే దశ వచ్చేదాకా తెలియదు. ఈ తెగుళ్లతో సాగిన నూట పాతికేళ్ల పోరును వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. నిలిచిన గెలుపులన్నీ పంట వేయకముందు తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చాయి. పంట నిలబడ్డాక మందుతో నయం చేయబోయిన ప్రయత్నాల్లో చాలావరకు కొద్దికాలానికే చతికిలబడ్డాయి. ఏటా పంట మార్చుకోగల పొలం కంటే, పాతిక ముప్పై ఏళ్లు ఒకే చెట్టు నిలిచే తోటకు ఈ పాఠం మరింత అవసరమని ఈ వ్యాసం వాదిస్తుంది.

మొదట శత్రువును గుర్తించడానికే చాలా కాలం పట్టింది. గోధుమ గింజల బుడిపెల్లో నులిపురుగులను 1743లో నీధమ్ చూశాడు. ఇంగ్లండులో దోస వేళ్ల మీది బుడిపెలకు కారణం ఈ జీవులేనని 1855లో బర్క్‌లీ చెప్పాడు. మన వైపు 1901లో, అప్పటి మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త బార్బర్, దక్షిణ భారత తేయాకు తోటలో వేరుబుడిపె నులిపురుగును నమోదు చేశాడు. ఆ తర్వాత పూసా పరిశోధనాలయంలో బట్లర్ కంది ఎండు తెగులు మీద పనిచేసి, దాని మూలం నేలలో ఉన్న శిలీంధ్రమని 1910 నాటికి స్థిరపరిచాడు. వీటన్నిటినీ కలిపే కీలకమైన గమనిక మాత్రం 1892లోనే అమెరికాలోని అలబామా నుంచి వచ్చింది. నులిపురుగు ఉన్నచోట పత్తిలో ఎండు తెగులు ఎక్కువవుతోందని అట్కిన్‌సన్ అప్పుడే రాశాడు. నులిపురుగు వేరుకు గాయం చేసి, దాని రసాయన స్థితిని కూడా మార్చేస్తుంది. శిలీంధ్రానికి దారి అక్కడే దొరుకుతుంది. అందుకే ఎండిన మొక్క మొదట్లో శిలీంధ్రనాశిని మాత్రమే పోసిన రైతుకు ఫలితం అరకొరగానే ఉంటుంది. 1949లో చిట్‌వుడ్ వేరుబుడిపె నులిపురుగు ఒకే జాతి కాదని, అందులో వేర్వేరు జాతులున్నాయని విడదీశాడు. అంతవరకు పంట మార్పిడి సలహా గుడ్డిగానే సాగింది. ఇన్‌కాగ్నిటా జాతి ఉన్న నేలలో వేరుశనగ వేస్తే దాని సంతతి తగ్గుతుంది, అరినేరియా ఉన్నచోట అదే వేరుశనగ దెబ్బతినవచ్చు. జాతి తెలియకుండా పంట మార్చడమంటే రోగం తెలియకుండా పథ్యం పెట్టడమే.

మందులు రాకముందు మన రైతుకున్న ఆయుధం వేడి. 1947లో రాజమండ్రిలో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ నారుమళ్ల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. పొగాకు నారుకు నారుకుళ్లు తెగులూ, తేలిక నేలల్లో వేరుబుడిపె నులిపురుగూ రెండూ ముప్పే. జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం వైపు ఇసుక కలిసిన నేలల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. మడి మీద వరిపొట్టు, ఎండుచెత్త పేర్చి కాల్చడం, వేసవిలో లోతు దుక్కులు పదేపదే దున్ని నేలను ఎండకు తిరగేయడం ఇక్కడ సలహాలుగా స్థిరపడ్డాయి. 1976లో ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం తడి నేల మీద పలుచని పారదర్శక పాలిథిన్ పరచి ఎండతోనే నేలను శుద్ధి చేయవచ్చని చూపింది. మన ఏప్రిల్, మే ఎండలకు ఇది సరిగ్గా సరిపోయే పద్ధతి. కాల్చినా, దున్నినా, పాలిథిన్ పరచినా పని జరిగేది మొక్క లేని నేలలోనే.

మందులతో వచ్చిన రసాయన యుగం మాత్రం ఈ వాదనకు గట్టి ఆక్షేపణలా కనిపిస్తుంది. 1943లో హవాయి అనాస తోటల్లో కార్టర్ ప్రకటించిన డీ-డీ అనే ధూపన ద్రవం నులిపురుగుల నష్టం ఎంతటిదో లోకానికి కళ్లకు కట్టింది. మందు పోసిన మడికీ పోయని మడికీ ఉన్న తేడా చూసే చాలాచోట్ల నులిపురుగుల శాస్త్రానికి గుర్తింపు వచ్చింది. ఈ మేలును కాదనలేం. కానీ డీ-డీ మొక్కను కూడా చంపే మందు, కాబట్టి నాటకముందే వాడాలి. రసాయనాల తొలి గెలుపు కూడా నాటకముందు దక్కిన గెలుపే. 1950ల మధ్యలో వచ్చిన డీబీసీపీ మాత్రం నిలిచి ఉన్న చెట్ల చుట్టూ వాడగలిగిన మందు. తోటలకు శాశ్వత వైద్యం దొరికిందన్న ఆశ దానితో పుట్టింది. 1977లో కాలిఫోర్నియాలో దాన్ని తయారుచేసే కార్మికులకు సంతానం లేకుండా పోతోందని బయటపడటంతో ఆ ఆశ కూలింది. అమెరికా 1979లో దాదాపు అన్ని వాడకాలనూ ఆపింది, మన దేశం 1989లో నిషేధించింది. మరో ధూపన మందు మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరకు చేటని 1992లో మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు. ఫోరేట్ గుళికల మందు మన దేశంలో 2020 చివరితో నిలిచిపోయింది. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం ప్రత్యేక పూత గుళికలు తప్ప మిగతా రూపాలను 2023లో తొలగించారు. ఫ్లూఓపైరం, ఫ్లూఎన్‌సల్ఫోన్ వంటి కొత్త మందులకు విషం తక్కువ అంటారు. పాలీహౌస్ క్యాప్సికానికో, టమాటాకో అవి సాయపడవచ్చు. ఇరవై ఏళ్లు నిలిచే తోటకు ప్రతి ఏటా ఆ ఖర్చును మోయడం మాత్రం మెట్ట రైతు లెక్కకు అందదు.

తెలుగునేల మీద ఈ పోరులో నిలిచిన గెలుపులు రెండు, రెండూ విత్తనంతోనే వచ్చాయి. 1970ల మధ్యలో శ్రీకాళహస్తి ప్రాంతపు వేరుశనగలో కాయలు నల్లబడి, కురచబారి దిగుబడి పడిపోయింది. ‘కాళహస్తి తెగులు’గా పేరుపడిన దానికి టైలెంకోరింకస్ జాతి నులిపురుగు కారణమని 1984లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. కారణం తెలిశాకే తట్టుకునే రకాల కోసం వెతకడం సాధ్యమైంది. తిరుపతి-3 వంటి రకాలు రైతుకు అందాయి. ఇక కంది ఎండు తెగులు శిలీంధ్రం మోళ్లలో దాదాపు మూడేళ్లు బతుకుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, తెగులు నిండిన మళ్లను కావాలనే పెంచి, వాటిలో వేల రకాలను వడపోసింది. అలా మారుతి, 1993లో ఆశ రకాలు వచ్చాయి. జొన్నతో కలిపి సాగు చేసినా, పంట మార్చినా తెగులు తగ్గుతుందని కూడా అక్కడ తేలింది. ఈ రెండు కథల్లోనూ పంట నిలబడ్డాక మొక్కకు చేసిన వైద్యం కంటే, విత్తే ముందు తీసుకున్న నిర్ణయమే ఎక్కువ కాలం కాచింది.

తట్టుకునే రకం ఉంటే చాలదా అనే ప్రశ్న సహజమే. చాలదు. టమాటాలో వేరుబుడిపెను ఆపే ‘మి’ జన్యువు అడవి జాతి నుంచి 1940లలో వచ్చింది. నేల వేడి 28 డిగ్రీలు దాటితే దాని శక్తి సడలుతుంది. మన వేసవిలో నేల వేడి ఆ గీతను తేలిగ్గా దాటిపోతుంది. పైగా ఒకే రకాన్ని ఏళ్ల తరబడి వేస్తే దాన్ని గెలిచే సంతతి నేలలో పెరుగుతుంది. అందువల్ల రకం వెనుక సేంద్రియ ఎరువులు, పంట మార్పిడి నిలబడాలి. పంత్‌నగర్‌లో ఆర్.ఎస్. సింగ్, కె. సీతారామయ్య చేసిన పరిశోధనలు నూనెగింజల పిండ్లు నేలలో కుళ్లేటప్పుడు నులిపురుగులు తగ్గుతాయని చూపాయి. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం ఇతర శిలీంధ్రాల మీద పెరుగుతుందని 1932లో వైండ్లింగ్ చూపాడు. ఆ జ్ఞానం ఇప్పుడు మన ఊళ్లలో 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి చల్లుతూ మగ్గబెట్టి ఎకరాకు వేసే సలహాగా స్థిరపడింది. ఈ జీవులు కూడా ముందుగా చేరి వేరు చుట్టూ చోటు పట్టుకుంటేనే కాపాడగలవు. సగం ఎండిన చెట్టును లేపలేవు.

పండ్లతోటల దగ్గర ఈ వాదన మరింత పదునెక్కుతుంది. జామను పట్టే మెలాయిడోగైన్ ఎంటెరోలోబై అనే వేరుబుడిపె నులిపురుగు జాతి 1983లో చైనాలోని హైనాన్ నుంచి తొలిసారి వర్ణన పొందింది. గత దశాబ్దంలో మన దేశపు జామ తోటల్లోనూ నమోదైంది. ‘మి’ జన్యువు దీన్ని ఆపలేదు. ఫ్యుసేరియం శిలీంధ్రంతో కలిస్తే చెట్టునే ఎండబెడుతుంది. కాళ్లు లేని ఈ జీవి తనంతట తాను ఊళ్లు దాటదు. దాన్ని నర్సరీ సంచిలోని మట్టి మోస్తుంది. ఆయిల్‌పామ్, కొబ్బరిలో మొదలు కుళ్లబెట్టే గానోడెర్మా శిలీంధ్రం పాత మొద్దుల్లో, వేళ్లలో నిల్వ ఉంటుంది. పాత కొబ్బరి తోట తీసిన చోట వేసిన ఆయిల్‌పామ్‌కు ముందే తెగులు వస్తుందని మలేషియా అనుభవం చెబుతుంది. 1995 నుంచి పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఈ ప్రాంతంలోనే ఉంది కాబట్టి ఈ హెచ్చరిక ఇక్కడి రైతుకు దూరపు మాట కాకూడదు.

మామిడికి వేరుబుడిపె పెద్ద శత్రువు కాదు కదా, ముసునూరుకు ఈ గోల ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మామిడి విషయంలో అది నిజమే. 1961లో సిద్దిఖీ మామిడి వేరు దగ్గర ఒక నులిపురుగు జాతిని వర్ణించినా, చెట్టు ఎండడానికి వేరే కారణాలే ఎక్కువ. కానీ లేత మామిడిలో అంతరపంటగా వేసే టమాటా, వంగ, బెండ వేరుబుడిపెకు మంచి తిండి. రేపు ఆ తోట తీసి జామో, కూరగాయలో వేస్తే ఆ సంతతి వారసత్వంగా దక్కుతుంది. పంట మార్చామన్న తృప్తితో మొక్కజొన్న వేసినా, బుడిపెలు స్పష్టంగా కనపడకుండానే దాని వేళ్లలో ఇన్‌కాగ్నిటా పెరగగలదు. జనుము, నువ్వు, పొలమంతా వేసిన బంతి అంతకంటే మేలు. గట్టు మీద నాలుగు బంతి మొక్కలతో పని జరగదు.

కౌలు రైతు ఒక కారు నేలను పచ్చిరొట్టకు వదలగలడా అన్నది అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ. వదలలేడు. అందుకే ఈ భారం ఒక్క రైతు మీద పెట్టడం తప్పు. నేల పరీక్షలో భాస్వరం, పొటాష్‌తో పాటు నులిపురుగుల లెక్క కూడా ఉండాలి. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, నూజివీడు మామిడి పరిశోధన స్థానం ఆ పరీక్షను మండలాలకు చేర్చాలి. నర్సరీల నియంత్రణకు చట్టం ఉంది. అంటు ఏ రకమో చెప్పినట్టే దాని వేరు శుభ్రమో కాదో కూడా రాసి ఇచ్చే బాధ్యత అందులోకి రావాలి. జనుము విత్తనానికిచ్చే సాయం భూమి యజమానికి కాకుండా సాగు చేసే మనిషికి అందాలి. నాటిన తర్వాత పెట్టే ప్రతి రూపాయీ నష్టాన్ని కొంచెం వాయిదా వేయడానికే సరిపోతుంది. నాటకముందు పెట్టిన రూపాయి చెట్టు బతికినంత కాలం కాస్తుంది. నూట పాతికేళ్ల సాక్ష్యం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, తోట పెట్టుబడిలో మొదటి పద్దు నేల పరీక్షదే కావాలి.